బేళ్ళ గదిలో ఫోను మీటింగు

తిరుపతిలో ఒక లారీ పార్సిల్ సర్వీసుకు నేను చాలా ఏళ్ళు హెడ్డాఫీసు మేనేజరుగా పనిచేశాను. నగరి, సత్యవేడు, సూళ్లూరుపేటలలో మాకు బ్రాంచీలు ఉండేవి. నెలకొకసారి ఆ ముగ్గురు బ్రాంచి మేనేజర్లూ తిరుపతికి వచ్చి, ఓనరు ఎదురుగా కూర్చుని, ఏ సరుకు ఎప్పుడు పోయింది, ఏది ఎందుకు ఆగింది అని చెప్పాలి. దాన్ని మేం మీటింగు అనేవాళ్ళం. ఇప్పుడు ఆనాటి నా డైరీలు తిరగేస్తుంటే అది తిరునాళ్ళలాగే కనపడుతోంది.

ఎందుకంటే మీటింగుకు ఎవరూ ఒక్కరే వచ్చేవారు కాదు. తిరుపతి దాకా వచ్చి కొండ ఎక్కకుండా వెనక్కి పోవడం ఎవరి వల్ల అవుతుంది? అందులోనూ సత్యవేడు మేనేజరుది పెద్ద సంసారం. వాళ్ళలో ఎవరికో ఒకరికి తీరని మొక్కు ఎప్పుడూ ఉండేది. ఆయన లోపల ఓనరుతో మాట్లాడుతుంటే బయట వరండాలో ఆయన బావమరుదులూ, మేనల్లుళ్ళూ గుండ్లకు చందనం పూసుకుని వరసగా కూర్చునేవాళ్ళు. ఒకసారి పార్సిల్ వేయడానికి వచ్చిన ఒకాయన ఆ వరస చూసి, చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని, చివర్న నిలబడి, "ఈడ ఎంతసేపు పడతాదప్పా?" అని అడిగాడు.

మా ఓనరు ఒకప్పుడు తనే లారీ తోలినవాడు. ఎవరితో మాట్లాడినా పక్కన ఇంజను నడుస్తున్నట్టే మాట్లాడేవాడు. ఆ రోజు ఆయన బయటికి వచ్చి గుండ్లన్నీ ఒకసారి చూశాడు.

"ఇది మీటింగా, తిరునాళ్ళా?" అన్నాడు. "ఇంక ఎవురూ రావాకండి. ఎవురి ఊర్లో వాళ్ళు కూసోని ఫోన్లో మాట్లాడండి."

సెల్‌ఫోన్లు పెద్దవాళ్ళ చేతుల్లో అప్పుడప్పుడే కనపడుతున్న రోజులవి. మా ఆఫీసులో కొత్తగా ఒక చిన్న ఎక్స్‌ఛేంజి పెట్టె పెట్టించారు. దాంతో మూడు ఊళ్ళనూ ఒకే లైనులో కలపొచ్చు. ఓనరు బల్ల మీద స్పీకరు ఫోను ఉండేది. నేను ఒక్కొక్క ఊరికీ ఫోను చేసి, బటను నొక్కి, అందరినీ కలిపితే ఎవరు ఏం మాట్లాడినా అందరికీ వినపడుతుంది. ఈ పని నా నెత్తిన పడింది.

ఫోనుకు దారి ఖర్చు లేదు కాబట్టి ఓనరు మీటింగును వారానికొకసారి చేశాడు. అది ఎప్పుడు పెట్టాలన్నది పంచాంగం తేల్చింది. వారంలో మిగతా రోజులు ఓనరు లారీల వెంట తిరిగేవాడు. సోమవారం ఒక్కటే ఆఫీసులో ఉంటాడు. సోమవారం రాహుకాలం తొమ్మిదికి పోతుంది, పదిన్నరకు యమగండం వస్తుంది. ఈ రెంటి మధ్య ఉన్న సందులోనే మీటింగు జరగాలి. దీనికి తిరుగు లేదు.

మొదటి సోమవారం సంగతి చెబితే ఇప్పటికీ మా ఇంట్లో నవ్వుతారు. లైను కలవగానే ముగ్గురూ ఒకేసారి "హలో" అన్నారు. ఎవరు ఎవరికి హలో చెప్పారో తెలియక ముగ్గురూ మళ్ళీ హలో అన్నారు. ఆ తరువాత మర్యాదలు మొదలయ్యాయి.

"టిఫిన్ అయిందా సామీ?"

"అయిందబ్బా. నీది?"

"ఇప్పుడే. సత్యవేడు అన్నది అయిందా?"

"అయింది. నగరి అబ్బది అడగండి."

మా వైపు ఎదుటి మనిషి తిన్నాడో లేదో తేల్చుకోకుండా పనిమాట ఎత్తడం మోటుతనం. ఎదురుగా ఉంటే అందరినీ కలిపి ఒక్కసారి అడిగితే సరిపోతుంది. ఫోనులో ఎవరూ కనపడరు కాబట్టి ప్రతి ఒక్కరూ ప్రతి ఒక్కరినీ విడివిడిగా అడిగారు. ఓనరు ముఖం ఎర్రబడడం చూసి నేను ఆపబోయాను. ఆయన చెయ్యెత్తి నన్ను ఆపి, ఫోను మీదికి వంగి, "ఏం టిఫిన్ తిన్యారు?" అని తనే అడిగాడు. ఇంకేముంది, దోసెలు, సంగటి, రాత్రి మిగిలిన పులుసు అన్నీ వచ్చాయి.

ఆ తరువాత ఓనరు గొంతు సవరించుకుని, "సరే, ఇంక పని మాట్లాడదాం" అన్నాడు. వెంటనే సూళ్లూరుపేట వైపు నుంచి దబ్బున పెద్ద శబ్దం, దాని వెనకే గలగలమని ఏదో చెదిరిన చప్పుడు.

"ఏందబ్బా, రాకెట్టు వదిలినారా?" అన్నాడు ఓనరు.

సంగతి ఏమిటంటే, సూళ్లూరుపేట మేనేజరుకు ఓనరంటే భయమూ భక్తీ. టిఫిన్ల సందడిలో పోల్చుకోలేదు గానీ, ఆయన గొంతు గుర్తుపట్టగానే లేచి నిలబడ్డాడు. ఫోను తీగ పొట్టిది. రిసీవరుతోపాటు ఫోనంతా బల్ల మీద నుంచి కిందపడింది. ఆ రోజు ఓనరు ఎన్నిసార్లు నోరు తెరిచాడో అన్నిసార్లు సూళ్లూరుపేటలో ఫోను కిందపడింది.

సత్యవేడుది ఇంకో తంటా.

"సత్యవేడూ, నీకు తాడు, గోనె సరిపోతాండాయా?"

ఓనరు స్పీకరు ఫోనును వేలితో తట్టాడు.

"సత్యవేడూ! ఉండావా, కొండకు పోయినావా?"

"ఈడే ఉండా సార్. అప్పుడే తల ఊపినాను కదా!"

ఇక నగరి. నగరి బ్రాంచి మరమగ్గాల వీధిలో ఉండేది. కుడి వైపు షెడ్డు, ఎడమ వైపు షెడ్డు, వెనక షెడ్డు. పొద్దున్నుంచి టకటక టకటక మని మగ్గాల మోత. నగరి మేనేజరు సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. ఆ వీధిలోనే పుట్టినవాడు. మగ్గాల మధ్య పెరిగినవాళ్ళకు మాట కంటే చెయ్యి ముందు లేస్తుంది. అయిపోయింది అనడానికి ఒక సైగ, సరుకు లేదు అనడానికి ఒక సైగ. ఎదురుగా కూర్చున్నప్పుడు ఆయన సైగలతోనే మీటింగు నెగ్గుకొచ్చేవాడు. ఫోనులో ఆ చేతులు మాకు ఏం కనపడతాయి? మాకు వినపడింది మగ్గాల మోత ఒక్కటే. అది ఒక్క నగరి మాటనే కాదు, అందరి మాటలనూ మింగేసింది.

ఆ రాత్రి డైరీలో మీటింగు గురించి ఒకే వాక్యం రాశాను: ముగ్గురూ టిఫిన్ చేశారు.

నాకు ఏ పనైనా పద్ధతిగా జరగాలి. ఆ వారమంతా ఆలోచించాను. మనిషి ఎదురుగా ఉంటే మనం సగం మీటింగు కళ్ళతోనే చేస్తాం. ఎవరు మాట్లాడబోతున్నారు, ఎవరికి విసుగొచ్చింది, ఎవరు ఒప్పుకున్నారు, ఇవన్నీ చూసి తెలుసుకుంటాం. ఫోనులో ఆ సగం ఉండదు. దాన్ని కూడా నోటితోనే చేయాలి. అందుకని కొన్ని కట్టుబాట్లు పెట్టాను. మాట్లాడే ముందు ఎవరి ఊరి పేరు వాళ్ళు చెప్పాలి. తల ఊపినా ఊపకపోయినా "సరే" అని గట్టిగా అనాలి. టిఫిన్ సంగతి నేను మొదటే అందరినీ అడిగేసి, "అందరూ తిన్నారు" అని ప్రకటిస్తాను, ఆ తరువాత దాని ఊసు ఎత్తకూడదు. ఏం మాట్లాడబోతున్నామో ముందురోజు లారీ డ్రైవర్ల చేత అందరికీ చెప్పి పంపుతాను. సూళ్లూరుపేట మేనేజరుకు మాత్రం వేరే ఏర్పాటు చేశాను.

"నువ్వు ఓనరు గొంతు వినేదాకా ఆగొద్దప్పా. మీటింగు మొదలయ్యే ముందే లేచి నిలబడు. అయ్యేదాకా నిలబడే ఉండు."

"అదీ బాగానే ఉండాది సామీ. ఆయన మాట్లాడేటప్పుడు కూసునుంటే నాకు కుర్చీలో ముల్లున్నట్టు ఉంటాది."

ఈ ఏర్పాటుతో ఇంకో లాభం కలిగింది. నిలబడి కాళ్ళు నొప్పి పుట్టడం వల్ల సూళ్లూరుపేట ఒక్క మాట కూడా ఎక్కువ మాట్లాడేది కాదు. అందరినీ నిలబెడితే ఎలా ఉంటుందా అని నేను ఆలోచించాను గానీ ఓనరును నిలబడమని చెప్పే ధైర్యం లేకపోయింది.

రెండు మూడు వారాల్లో మీటింగు గాడిన పడింది. నగరి తప్ప. నగరి మేనేజరు నోరు తెరిచినా తెరవకపోయినా మగ్గాలు మాట్లాడుతూనే ఉండేవి. చివరికి ఓనరు, "ఆ నగరి లైను పీకెయ్యప్పా, తలకాయ నొప్పి" అన్నాడు. నగరిని పక్కన పెట్టి మీటింగు జరిపి, అయ్యాక ఆయనకు విడిగా ఫోను చేసి నేను సంగతులు చెప్పేవాణ్ణి. ఇలా కొన్నాళ్ళు గడిచాక ఓనరు మనసులో నగరి అంటే మాట్లాడని బ్రాంచి అని పడిపోయింది.

"సత్యవేడు సెప్తాడు, సూళ్లూరుపేట సెప్తాడు. నగరోడు ఏమీ సెప్పడు. పుత్తూరులో మంచి గోడౌను దొరికింది. నగరి ఎత్తేసి పుత్తూరులో పెడతా. వాణ్ణి సూళ్లూరుపేటకు గుమాస్తాగా పంపిస్తా."

నేను ఆ సాయంత్రమే నగరికి ఫోను చేసి ఈ మాట చెప్పాను. రిసీవరు చెవికి నొక్కుకుంటే మగ్గాల మోత కింద ఆయన గొంతు సన్నగా దొరికింది.

"అన్నా," అన్నాడు. "ఒక్క రూములో బల్ల ఏసుకోని మొదలుపెట్టినాను. షెడ్డు షెడ్డుకీ పోయి, మా సర్వీసులో ఎయ్యండి అని బతిమిలాడి తెచ్చిన గిరాకీ ఇది. వీళ్ళందరూ లుంగీల బేళ్ళు నెత్తిన పెట్టుకోని పుత్తూరికి పోతారా? ఇద్దరు హమాలీలు ఉండారు, వాళ్ళు యాడికి పోవాల? నేను మాట్లాడనిది ఎప్పుడన్నా? మాట్లాడతానే ఉండాను. వినపడకపోతే నేనేం జేసేది?"

ఆ తరువాతి సోమవారం మీటింగుకు ముందు ఆయనే నాకు ఫోను చేశాడు. "ఈ పొద్దు నన్ను కలపన్నా. తప్పకుండా కలుపు."

కలిపాను. ఓనరు ముఖం చిట్లించుకుని మగ్గాల కోసం ఎదురుచూశాడు. మగ్గాలు రాలేదు. బావిలోంచి వచ్చినట్టు గంభీరంగా, స్పష్టంగా ఒక గొంతు వినపడింది.

"నగరి మాట్లాడతా ఉండాను సార్. అందరికీ నమస్కారం."

"ఎవురబ్బా ఇది?" అన్నాడు ఓనరు ఆశ్చర్యంగా. నగరి మేనేజరు గొంతు ఎలా ఉంటుందో ఆయన నిజంగా అప్పుడే మొదటిసారి విన్నాడు. ఆ రోజు నగరి అన్ని సంగతులూ వరసగా, తడుముకోకుండా చెప్పాడు. మీటింగు అయ్యాక ఓనరు నాతో, "సూసినావా, మనిషికి భయం పెడితే మాట అదే వస్తాది" అన్నాడు.

ఇది భయం పని కాదని నాకు అనుమానం. తరువాతి సోమవారం మీటింగు పని గుమాస్తాకు అప్పగించి, నగరి పోయే మా లారీలోనే ఎక్కి వెళ్ళాను. బ్రాంచిలో అడుగుపెడితే మనిషి లేడు. గది నిండా బేళ్ళు, బిగించి కట్టిన గుడ్డల మూటలు. చుట్టూ మగ్గాల మోత.

"ఏమబ్బా, యాడుండావు?" అని అరిచాను.

"ఈడే అన్నా," అని ఎక్కడి నుంచో మూలిగినట్టు వినపడింది. "లుంగీల వెనకాల."

ఒక హమాలీ నన్ను చెయ్యి పట్టి తీసుకెళ్ళాడు. "ఆ తువ్వాళ్ళ బేలు ఉండాదే, అది వాకిలి సామీ. జరుపుతాను, వంగి దూరు."

వంగి దూరాను. లోపల నాలుగు వైపులా బేళ్ళతో కట్టిన చిన్న గది. నేత గుడ్డ గట్టిగా కట్టిన బేలు మోతను దూది నీళ్ళు పీల్చినట్టు పీలుస్తుంది. మధ్యలో స్టూలు మీద నగరి మేనేజరు కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఫోను, చంకలో టార్చి, చేతిలో విసనకర్ర. చొక్కా విప్పేశాడు. ఒంటి మీద చెమట ధారలు కడుతోంది. గోడల నిండా బేళ్ళ మీద రాసిన ఊర్ల పేర్లు.

"ఇడ్లీ పాత్రలో కూసున్నట్టు ఉండావు కదప్పా!"

"ఇడ్లీ ఉడికే లోపల మీటింగు అయిపోతాది లేన్నా. నా మాట బాగా వినపడతాందా?"

"ఓనరు నీ గొంతు మెచ్చుకున్నాడు."

ఆయన చెమట తుడుచుకుంటూ నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. బయట హమాలీలు కూడా తమ పనితనానికి మురిసిపోతున్నారు. "వచ్చే వారం పైకప్పు ఎయ్యాల సామీ. పైనుంచి సప్పుడు దిగతా ఉండాది," అన్నాడు ఒకడు. రెండోవాడు నీళ్ళ చెంబు పట్టేటంత కిటికీ వదలాలని పట్టుబట్టాడు. వాళ్ళిద్దరూ కిటికీ ఏ వైపు పెట్టాలన్న దాని మీద వాదులాడుకుంటుంటే నేను తిరుగు బస్సు ఎక్కాను.

అంతా బాగానే ఉంది గానీ, ఆ బేళ్ళు మీటింగు కోసం పుట్టినవి కావు. అవి సోమవారం పొద్దున మద్రాసు లారీ ఎక్కాల్సిన సరుకు. మీటింగు అయ్యేదాకా గోడలు కదలకూడదు. మీటింగు అయ్యేసరికి యమగండం వస్తుంది. యమగండంలో మా డ్రైవర్లు బండి తీయరు. అందుకు వాళ్ళను తిట్టడానికి ఓనరుకు నోరు లేదు, ఆయనే వాళ్ళకు అది నేర్పినవాడు. కాబట్టి లారీ మధ్యాహ్నం ఎప్పుడో కదిలి, సరుకు మరుసటి రోజుకు చేరేది. మద్రాసు వ్యాపారుల నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి.

"సోమవారం సరుకు మంగళవారం సేరతాందంట," అన్నాడు ఓనరు నాతో. "ఎన్ని మాటలు సెప్పి ఏం లాభం? పుత్తూరే మేలు." వచ్చే సోమవారం రాహుకాలం పోగానే నగరి లోడు ఎత్తాలని, ఎవరు అడ్డమొచ్చినా ఆగొద్దని డ్రైవరుకు తనే చెప్పి పంపాడు.

ఆ సోమవారం మీటింగులో మొదటి ప్రశ్నే అది.

"నగరీ! లారీ యాల లేటవతాంది? దాపరికం లేకుండా సెప్పు."

"నగరి మాట్లాడతా ఉండాను సార్. అది ఎట్లంటే సార్..."

దబ్బుమని ఏదో జరిగిన చప్పుడు. వెంటనే సన్నగా టకటక.

"ఏందా సప్పుడు?"

"ఒక బేలు పోయింది సార్."

"పోయిందా? ఎవురెత్తకపోయినారు?"

"మన హమాలీనే సార్. లారీలోకి."

"మంచిదే కదా! నేనే కదా ఎత్తమన్నది!"

"అవును సార్. ఇంగోటి గూడా పోతాంది సార్."

టకటక ఇంకాస్త పెరిగింది. ఓనరు ఫోను మీదికి వంగాడు. "గట్టిగా సెప్పబ్బా!"

"బేళ్ళుంటే లారీ పోదు సార్! బేళ్ళు పోతే మాట పోతాది సార్!"

"ఏమప్పా," అని ఓనరు నా వైపు తిరిగాడు. "వీనికి జొరమేమన్నా వచ్చిందా?"

ఇక దాచి లాభం లేదని నేను గది సంగతి చెప్పాను. ఓనరు నోరు తెరిచి విన్నాడు.

"అంటే, నా గిరాకీల సరుకుతో వాడు ఇల్లు కట్టుకున్నాడా?"

"ఇల్లు కాదు సార్. మీటింగు హాలు."

"సత్యవేడు మాట్లాడతా ఉండాను," అని కట్టుబాటు తప్పకుండా ఇంకో గొంతు కలిసింది. "దానికి పైకప్పు గూడా ఉండాదంట సార్."

"నువ్వు గమ్మునుండు!" అని అరిచి ఓనరు మళ్ళీ నగరి మీద పడ్డాడు. "ఆ బేళ్ళు యాడివి ఆడ పెట్టమను!"

"లారీ పోదు సార్!"

"అయితే లారీ పోనీ!"

"అప్పుడు నా మాట విన..."

పెద్ద బేలు ఏదో కదిలినట్టుంది. ఆ తరువాత మాకు మగ్గాలు తప్ప ఏమీ వినపడలేదు. నేను నగరి లైను తీసేశాను. ఓనరు స్పీకరు ఫోనును దూరంగా నెట్టాడు.

"వచ్చే సోమవారం దాకా సూస్తాను," అన్నాడు. "లారీ పొద్దున్నే కదలాల. వాని మాట నాకు వినపడాల. రెండూ కావాల. ఒకటే అయితే పుత్తూరికి మార్చేస్తా."

ఈ మాట నగరికి నేనే చెప్పాల్సి వచ్చింది. ఆయన "గొంతు పెంచి సూస్తాలే అన్నా," అన్నాడు. రెండు రోజులకు మళ్ళీ ఫోను చేశాడు. "లాభం లేదన్నా. నిన్న ఇంట్లో అరిచి సూసినాను. మా ఆడామె పామొచ్చిందనుకోని కట్టె తెచ్చింది."

"కొట్టిందా?"

"కొట్టలే. గొంతు నాదేనని తెలిసినాక యాల కొట్టలేదా అని బాధపడింది."

నవ్వించాలనే చెప్పాడు గానీ ఆ గొంతులో పస లేదు. ఆయనకు మరో రెండేళ్ళ సర్వీసు ఉందేమో. ఆ వీధిలో తలెత్తుకుని తిరిగిన మనిషి సూళ్లూరుపేట వెళ్ళి వేరేవాళ్ళ కింద గుమాస్తా పని చేయడం నేను ఊహించుకోలేకపోయాను. ఓనరుకు ఒకటి రెండుసార్లు నచ్చజెప్పబోయాను. ఆయన వినలేదు.

ఆ సోమవారం వచ్చింది. సత్యవేడును కలిపాను. సూళ్లూరుపేటను కలిపాను, నిలబడ్డానని చెప్పాడు. నగరిని కలిపాను. నిశ్శబ్దం. మోత లేదు, మాట లేదు.

"నగరి లైను పోయినట్టుండాది," అన్నాడు ఓనరు.

"నగరి మాట్లాడతా ఉండాను సార్."

గొంతు బావిలోంచి రాలేదు. మామూలుగా, మన పక్కన కూర్చున్నట్టు వచ్చింది.

"బేళ్ళు?"

"ఎత్తేసినాము సార్. లారీ అప్పుడే కదిలిపోయింది."

"మరి మగ్గాలు సెడిపోయినాయా ఏందప్పా?"

"లేదు సార్. టీ తాగతాండారు."

జరిగింది ఇదీ. మా హమాలీలలో ఒకడు పుత్తూరు సంగతి టీ అంగట్లో చెప్పాడు. ఆ అంగడివాడు రోజూ పదకొండు గంటలకు కెటిల్ తీసుకుని షెడ్డు షెడ్డుకూ తిరుగుతాడు. ఆ వీధిలో కెటిల్ కనపడితేనే మగ్గం ఆగుతుంది. అలసట వచ్చినా ఆగదు, చుట్టం వచ్చినా ఆగదు. షెడ్ల వాళ్ళందరూ మాట్లాడుకుని, సోమవారం మాత్రం టీ మా మీటింగు వేళకు రావాలని తీర్మానించారు. ముందుగా తాగితే మధ్యాహ్నం నీరసం వస్తుందని ఒకరిద్దరు గొణిగారట. వాళ్ళకు రెండు గ్లాసులు పోస్తానని అంగడివాడు ఒప్పించాడు.

"మగ్గాలు ఆపేసి టీ తాగతాండారా? నా మీటింగు కోసరమా?" అన్నాడు ఓనరు.

"అవును సార్. వాళ్ళు గూడా ఈడనే ఉండారు. ఒక్క మాట మాట్లాడాలంటాండారు."

ఓనరు నా వైపు చూశాడు. నేనేదైనా చెప్పేలోపే అటు నుంచి కొత్త గొంతు వచ్చింది. "నగరి మాట్లాడతా ఉండాను." దాని వెంటే ఇంకొకటి, "నగరి మాట్లాడతా ఉండాను." ఒక ముసలామె, "నేను గూడా నగరే నాయనా." మాట్లాడే ముందు ఊరి పేరు చెప్పాలన్న నా కట్టుబాటు ఎవరో వాళ్ళకు నేర్పినట్టున్నారు. నా కట్టుబాటుకు అంత గౌరవం అంతకుముందు దక్కలేదు, అది అంత పనికిరాకుండా పోవడమూ అదే మొదలు.

"ఎన్ని నగరులు ఉండాయప్పా!" అన్నాడు ఓనరు.

ముసలామె అందరినీ తోసుకుని ముందుకు వచ్చింది. "నాయనా, మీ లారీ మీద కప్పే పట్ట చిరిగిపోయింది. పోయిన వానకు మా లుంగీలు తడిసి, ఎరుపు పోయి తెలుపుకు అంటుకుంది. వాటిని ఎవురు కట్టుకోవాల? నువ్వు కట్టుకుంటావా?"

ఓనరు జీవితంలో గిరాకీలతో నేరుగా మాట్లాడింది తక్కువ. "పట్ట మారుస్తానమ్మా," అన్నాడు. ఆయన గొంతు అంత తగ్గగలదని నాకు తెలియదు.

మగ్గాల షెడ్డు యజమాని ఒకాయన అందుకున్నాడు. "పుత్తూరు అంటాండారంట సార్. మేము ఆడికి మోసకరాము. ఈ మనిషి మా గడపకొచ్చి తీసకపోతాడని మీకు ఏస్తాండాం. ఈన లేకుంటే మాకు వేరే సర్వీసులు ఉండాయి."

"ఆ బోర్డు సంగతి గూడా సెప్పండి," అని ఎవరో వెనక నుంచి అరిచారు. "రంగంతా పోయి ఏమీ కనపడడం లే. కొత్తోళ్ళు వచ్చి ఇది మందుల అంగడా అని అడగతాండారు."

తరువాత అందరూ ఒకేసారి మాట్లాడారు. మీటింగు నడపడంలో నేను నేర్చిన విద్య ఏదీ అక్కడ పనిచేయలేదు. ఓనరు రెండు చేతులూ బల్ల మీద ఆనించి, కళ్ళు మూసుకుని అన్నీ విన్నాడు. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"నగరీ."

"సార్."

"బోర్డుకు రంగు ఎయ్యించు."

అటు గ్లాసులు కింద పెట్టే చప్పుడు వినపడింది.

"సార్... అయితే పుత్తూరు?"

"పుత్తూరు మాట ఇప్పుడు ఎవురెత్తినారు? ఎత్తేసే బ్రాంచికి ఎవురైనా రంగేస్తారా? నేను బోర్డు సంగతి సెప్తాండా. రాసుకో. కింద ఏసే రంగు..."

టీ అయిపోయింది. ఒక షెడ్డులో ఒక మగ్గం మొదలైంది, దాని వెంట ఇంకొకటి, ఆ వెంట వీధి మొత్తం. ఓనరు లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ఇంజన్ల మీద అరిచి గెలిచిన గొంతుతో ఆ రంగు పేరు అరిచాడు. మూడుసార్లు అరిచాడు. ఓడిపోయి కూర్చున్నాడు.

ఆ నెలలోనే ఓనరూ నేనూ కలిసి నగరి వెళ్ళాం. రంగు పేరు వినపడలేదు కాబట్టి వీధివాళ్ళే తేల్చుకున్నారట. షెడ్డు షెడ్డుకూ ఒక రంగు ఇష్టం. ఎవరినీ కాదనలేక అన్నీ వేశారు. ఆకుపచ్చ మీద నల్ల గీతలు, అడ్డంగా తెల్ల గీతలు, నాలుగు వైపులా ఎర్ర అంచు. మధ్యలో మా సర్వీసు పేరు. కింద మేనేజరు కొత్త చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన వెనక వీధంతా నిలబడి ఉంది.

ఓనరు కారు దిగి, తల ఎత్తి ఆ బోర్డును ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"ఏమప్పా," అని అడిగాడు నగరి మేనేజరును. "దీన్ని సదవాల్నా, కట్టుకోవాల్నా?"